దాపటి కాలు

ఈమధ్య కుర్రాళ్లు పాత మోటారు సైకిళ్లు కొని, విప్పి, తమకు నచ్చినట్టు మార్చుకుంటున్నారు. హ్యాండిల్ పొడుగు చేస్తారు, సైలెన్సర్ కోస్తారు, ట్యాంకు మీద మంటల బొమ్మ వేయిస్తారు. నేను రైల్వేలో ముప్ఫై నాలుగేళ్లు ఫిట్టరుగా చేసి రిటైరయ్యానని తెలిసినవాళ్లు, మీ కాలంలో కూడా ఇట్లాంటివి చేసేవాళ్లా అని అడుగుతుంటారు. చేసేవాళ్లం. నేను ఒక్కటే ఒక్కటి చేశాను. దాని గురించి గొప్పలు చెప్పుకోవాల్సి వచ్చినప్పుడల్లా సగం చెప్పి ఆపేసేవాణ్ణి. ఇప్పుడు మిగతా సగం కూడా చెబుతాను. మీకు నచ్చకపోవచ్చు.

అవి ఎనభైల మొదటి సంవత్సరాలు. గుంతకల్లులో మా ఇంటి వెనక ఒక రేకుల షెడ్డు ఉండేది. అందులో ఇనుము బిగించి పట్టే ఒక వైసు, మా నాయన వదిలిపోయిన పానాల పెట్టె, ఒక చేతి డ్రిల్లు. డ్యూటీ దిగాక అక్కడ కూర్చుని ఊళ్లోవాళ్ల పంపుసెట్లు, మిషన్లు బాగుచేసేవాణ్ణి. ఉద్యోగంలో ఉన్నవాడు బయటి పని చేయకూడదని రూలు. అది అందరికీ తెలుసు, ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు. అయితే ఎవరైనా దాన్ని కాగితం మీద పెట్టారంటే మాత్రం ఉద్యోగానికే ముప్పు. ఆ భయం నాకు ఎప్పుడూ ఉండేది. ముగ్గురు పిల్లలు, ఒక్క జీతం.

నాతోపాటు పనిచేసే పెద్దాయన ఒకరుండేవారు. లేత్ మీద ఆయన చేయి పడితే ఇనుము మాట వినేది. అందరం ఉస్తాద్ అని పిలిచేవాళ్లం. ఒకరోజు టీ తాగుతూ ఆయన ఒక పశువుల కాంపౌండరు సంగతి చెప్పాడు.

ఆ కాంపౌండరు పది పన్నెండు పల్లెలకు ఒక్కడే. సైకిలు మీద తిరుగుతూ ఎద్దులకూ ఆవులకూ సూదులు వేసేవాడు. మా వైపు వాన లేని ఏడాది పశువు బతకడమే కష్టం; బతికిన పశువుకు తొలి వానతో పాటు గొంతువాపు వస్తుంది. పొద్దున జ్వరం తగిలిన ఎద్దు మర్నాటికి ఉండదు. అందుకే వానలకు ముందే ప్రతి ఊరికీ పోయి టీకాలు వేయాలి. ఆ పనిలో ఉండగానే ఒక పొగరుబోతు ఎద్దు ఆయన మోకాలి మీద తన్నింది. కర్నూలు పెద్దాసుపత్రిలో నెలల తరబడి పడుకున్నాడు. ఎముక అతికింది కానీ మోకాలు వంగదన్నారు. వంగని మోకాలితో సైకిలు తొక్కలేడు.

"టీకాల కాలానికి ఊర్లు తిరగగలిగితే పని నీది, లేకుంటే అనంతపురం మందుల గోదాముకు పంపిస్తా అన్నాడంట వాళ్ల డాక్టరు," అన్నాడు ఉస్తాద్. "ఆయప్ప గోదాములో కూచునే రకం కాదు భాయ్. పశువు అరిస్తే నిద్రలో లేస్తాడు. ఒక రైతు పాత మోటారు సైకిలు ఊరికే ఇచ్చినాడంట, ఆవును బతికించినాడని. దాన్ని ఆయన కాలికి సరిపోయేటట్టు చేసియ్యల్ల. నువ్వు చేస్తావా?"

చేస్తానన్నాను. మరుసటి వారం ఆ బండి ఎద్దులబండి మీద మా ఇంటికి వచ్చింది. తెల్లవాళ్ల మిలిటరీ వదిలిపోతే ఆ రైతు తండ్రి ఎప్పుడో వేలంలో కొన్న బండి. ఏళ్ల తరబడి శనక్కాయ పొట్టులో పడి ఉన్నట్టుంది, ట్యాంకులో కోడి గుడ్లు పెట్టలేదంటే మూత ఉంది కాబట్టే. దానితో పాటు కాంపౌండరు ఆసుపత్రి నుంచి రాసిన ఉత్తరం.

"అన్నా, మనం ఒకరినొకరం చూసుకున్నది లేదు. ఉస్తాద్ నీ చేతిపని గురించి చెప్పినాడు. నా దాపటి కాలు మోకాలు మడిచేకి రాదు. ఆ కాలికి ఏ పనీ లేకుండా బండి చేసియ్యి. ఎనక ఐసుపెట్టె పెట్టుకునేకి జాగా ఉండల్ల. తొలి వానకు ముందే నాకు బండి కావల్ల."

దాపటి కాలు. ఆ మాట దగ్గర ఆగిపోయాను. నేను రైల్వే క్వార్టర్స్‌లో పుట్టి, రైల్వే బడిలో చదివి, రైల్వే షెడ్డులో పనికి చేరినవాణ్ణి. మాకు లెఫ్ట్, రైట్. ఇంట్లో ఎడమ, కుడి. మడక పట్టి పొలం దున్నేవాళ్లు వాళ్ల ఎద్దులకు దాపట అనీ వలపట అనీ చెబుతారని విన్నాను కానీ ఏది ఎటో ఎప్పుడూ అవసరం పడలేదు. గేటు తెరిచి ఎద్దులబండి లోపలికి రానిస్తూ, బండి తోలే మనిషిని మాటల్లో పెట్టినట్టు అడిగాను.

"దాపటెద్దు అంటే ఏదప్పా వీట్లో?"

"అదో, ఆ కర్రిది," అన్నాడు చెర్నకోలతో చూపిస్తూ.

నల్ల ఎద్దు నా కుడిచేతి వైపు ఉంది. గోడ మీద సుద్దముక్కతో రైట్ అని రాసుకున్నాను.

మీకు అప్పుడే అర్థమై ఉంటుంది. నాకు అర్థం కాలేదు. నేను ఎద్దులకు ఎదురుగా నిలబడి ఉన్నాను. జీవితమంతా ఇంజనుకు ఎదురుగా నిలబడి చూసినవాణ్ణి. వెనక నిలబడి చూసేవాళ్లకు లోకం తిరగబడి ఉంటుందని తోచలేదు.

ఉస్తాద్‌కు మాత్రం అనుమానం వచ్చింది. ఆయనా పట్నం మనిషే, ఆ మాట ఆయనకూ తెలియదు. "ఒక కార్డు ముక్క రాసి అడగరాదా భాయ్? అడిగితే నోరు పోతాదా?" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. "కుడి ఎడమ తెలీని ఫిట్టరు అనుకుంటాడు ఉస్తాద్, నా పరువు పోతాది," అన్నాను. అప్పట్లో నేను పట్టిన కుందేటికి మూడే కాళ్లు. షెడ్డులో నా పనికి వంక పెట్టేవాడు లేడని పేరు. ఆ పేరు నన్ను ఎంత చెడగొట్టిందో ఇప్పుడు తెలుస్తోంది.

పని మాత్రం ప్రాణం పెట్టి చేశాను. ఆ ఇంగ్లీషు బండికి గేరు కుడికాలి కింద, బ్రేకు ఎడమకాలి కింద ఉండేవి. కుడికాలు పనికిరాదని నా లెక్క కాబట్టి, గేరును కాలి కింద నుంచి తీసేసి ట్యాంకు పక్కన కుడిచేతికి అందేట్టు ఒక పొడుగు కడ్డీ పెట్టాను. అది ఏ గేరులో ఉందో చేతికి తెలిసేలా గంట్లు పెట్టిన రేకును ఉస్తాద్ కోసి ఇచ్చాడు. బ్రేకు ఎడమకాలికే ఉంచి, గట్టి స్ప్రింగు వేశాను. ఇంజనుకు కావలసిన ముక్కలు ఇంకో చచ్చిన బండి నుంచి తీశాను. ట్యాంకు లోపలి తుప్పుకు చింతపండు పులుసు పోసి, గులకరాళ్లు వేసి, నేనూ మా ఆవిడా చెరోవైపు పట్టుకుని చాటలో బియ్యం చెరిగినట్టు ఊపాం. ఐసుపెట్టెకు రెండు చెక్కల నడుమ శనక్కాయ పొట్టు కూరాను, చల్లదనం పోకుండా. ఐదు నెలలు పట్టింది. మొదటిసారి స్టార్టయినప్పుడు మా ఆవిడ గడపలో నిలబడి దండం పెట్టింది. నాకూ కళ్లు చెమర్చాయి, దాచుకోను.

వానలకు ముందు ఒక పొద్దున కాంపౌండరు వచ్చాడు. జట్కా ఇంటి ముందు ఆగింది. ఉస్తాద్ కూడా బండి చూడాలని వచ్చి ఉన్నాడు. చేతిలో మందుల ఐసు డబ్బా పట్టుకుని ఆ మనిషి జట్కా దిగాడు. ముందు కుడికాలు మోపాడు. తర్వాత ఎడమకాలిని కట్టెలా ఈడ్చుకుంటూ దించాడు.

ఉస్తాద్ నా వైపు చూశాడు. నేను నేల వైపు చూశాను.

ఆయన బండి చుట్టూ తిరిగి, ట్యాంకు మీద చేయి వేసి పశువును నిమిరినట్టు నిమిరాడు. "ఏం పని చేసినావన్నా!" అన్నాడు. స్టాండు మీద ఉండగానే ఎక్కి కూర్చుని, ఎడమకాలితో బ్రేకు తొక్కబోయాడు. పాదం పెడల్ పక్కకు జారిపోయింది. మళ్లీ తొక్కబోయాడు. మొహంలో నవ్వు అట్లాగే ఉంది కానీ కళ్లు నన్ను అడుగుతున్నాయి.

"దాపటి కాలు అని రాస్తి గదన్నా?"

"దాపట అంటే కుడే కదా," అన్నాను.

"దాపటంటే ఎడమన్నా. యాడ చూసినావు నువ్వు? ఎద్దు ముందర నిలబడి చూసినావా?" అని పగలబడి నవ్వాడు. "మడక దున్నేవాడు ఎనకాల గదా నిలబడేది!"

ఆ నవ్వులో ఎగతాళి లేదు. అదే నన్ను ఇంకా చంపింది. రెండు రోజులు ఆగితే మార్చి ఇస్తానన్నాను. ఆయన ఆకాశం చూశాడు. తూర్పున మబ్బు కమ్ముకుంటోంది.

"రెండు దినాలు యాడుండాయన్నా? పక్కూర్లో అప్పుడే ఒక ఎద్దుకు గొంతు వాచిండాది. ఈ మందు సాయంత్రం దాకా కూడా నిలబడదు. చేతి బ్రేకు ఉండాది గదా, చాలు. మెల్లగా పోతా."

ఇప్పుడు చెబుతున్నాను వినండి. నాకు ఆ రోజు మధ్యాహ్నం రెండు గంటలకు డ్యూటీ. ఒక పూట సెలవు పెట్టి, ఆయన్ను వెనక కూర్చోబెట్టుకుని నేనే తోలుకుపోయి ఉండవచ్చు. ఆ మాట నోటి దాకా వచ్చింది. ఉస్తాద్ ఎదుట తలవంపుగా ఉండి, ఈ మనిషి త్వరగా నా కళ్ల ముందు నుంచి వెళ్లిపోతే బాగుండునని అనిపించి, "జాగ్రత్తప్పా," అని మాత్రం అన్నాను.

డ్యూటీలో ఉండగా తట్టింది నాకు. ఆయన గేరు మార్చాలంటే కుడిచేయి హ్యాండిల్ వదలాలి. ఆ బండికి చేతి బ్రేకు ఉన్నదీ ఆ చేతికే. అంటే దిగుడులో గేరు తగ్గించే క్షణాన ఆయనకు ఏ బ్రేకూ లేదు. నా చేతిలో పానా అట్లాగే ఉండిపోయింది. పక్కవాడు ఏమైందని అడిగితే తలనొప్పి అన్నాను.

దారిలో ఎండిన వంకలోకి దిగే చోట గొర్రెల మంద అడ్డం వచ్చిందట. ఆయన గేరు తగ్గించబోయాడు. గొర్రెల్ని తప్పించి, బండితో సహా రాళ్లలో పడ్డాడు. వంగని మోకాలే మళ్లీ విరిగింది, కుడి మణికట్టు కూడా. మందు సీసాలు పగిలిపోయాయి. మర్నాడు సాయంత్రం వాన పడింది. మంచి వాన. ఆ వంక అవతలి ఊరికి ఎవరూ టీకాలు తీసుకుపోలేదు.

పది రోజుల తర్వాత వాళ్ల పశువుల డాక్టరు జీపులో మా ఇంటికి వచ్చాడు. విరిగిన బండిని అప్పటికే ఎవరో మా షెడ్డుకు చేర్చారు. సర్కారు మందు పోయింది కాబట్టి ఆయన పైకి కాగితం రాయాలి. "కాంపౌండరు తన అజాగ్రత్తే అని రాసిచ్చాడు. నాకు నమ్మకం లేదు. ఆయన అట్లాంటి మనిషి కాదు. బండిలో ఏమైనా తేడా ఉందా? ఉంటే చెప్పండి, తప్పు ఆయనది కాదని రాస్తాను, ఆయన పని ఆయనకుంటుంది," అన్నాడు.

బండిలో తేడా ఉందంటే ఎవరు చేశారంటారు. నేనంటే, ఏ ఉద్యోగంలో ఉండి చేశావంటారు. ఇదంతా నా తలలో ఒక్క క్షణంలో తిరిగింది. వంటింటి తలుపు వెనక మా ఆవిడ గాజుల చప్పుడు ఆగిపోయింది.

"బండి బాగానే ఉండింది సార్," అన్నాను.

ఆయన లేచి వెళ్లిపోయాడు. కాంపౌండరును ఆసుపత్రి నుంచి నేరుగా అనంతపురం గోదాముకు పంపారు.

ఉస్తాద్ ఆ తర్వాత నాతో మాట్లాడటం మానలేదు. అదొక శిక్ష. రోజూ టీ పోయించి, వాతావరణం గురించి మాట్లాడేవాడు. ఒకసారి మాత్రం, "ఆయప్ప నీ పేరు చెప్పలేదంట భాయ్. నీకు పిల్లోళ్లు ఉండారని నేనే చెప్పింటి ఎప్పుడో," అని గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, నేను బండి మళ్లీ విప్పాను. గేరును తిరిగి కుడికాలికే ఇచ్చాను. ఎడమ పక్కన ఉన్న బ్రేకును ఇంజను కింద నుంచి ఒక అడ్డ ఇరుసు వేసి కుడివైపుకే తెచ్చాను. వేళ్లతో గేరు, మడమతో బ్రేకు. చేతులు రెండూ హ్యాండిల్ మీదే. ఎవరూ అడగలేదు, ఎవరి కోసమో కూడా తెలియదు. పని అయ్యాక ఒక సెలవు రోజున, నా ఎడమకాలిని ఒక కట్టెకు కట్టుకుని ఆ వంక దాకా తోలాను. దిగుడులో ఆగింది. ఇంకోసారి తోలి చూశాను. చక్కగా ఆగింది. అంత చక్కగా ఆగినందుకు అక్కడే రాయి మీద కూర్చుని ఏడ్చాను.

కట్టె విప్పేసి వంక దాటి ఆ ఊళ్లోకి పోయాను. ఎందుకు పోయానో చెప్పలేను. ఊరు నిశ్శబ్దంగా ఉంది. కొట్టాల్లో పశువులకు మేత వేసే గాటిపాటలు ఖాళీగా ఉన్నాయి. బండి చప్పుడు విని ఒక ముసలామె దూడను తాడుతో లాక్కుంటూ గబగబా వచ్చింది.

"వచ్చినావా కాంపౌండరూ!" అని, నన్ను చూసి ఆగింది. "ఇది ఆయప్ప బండి గదా? మోటారు బండి మీద ఐసుపెట్టె కట్టుకొని వస్తాడనిరి. సూది తెచ్చినావా?"

"నేను కాంపౌండరును కాదవ్వా. ఈ బండి చేసినోణ్ణి. తప్పుగా చేసినా. దాన్నుంచే ఆయన పడినాడు, మీకు సూదులు రాలేదు." ఆ మాట నేను లోకంలో మొదటిసారి బయటికి అన్నది ఆమె ముందే.

ఆమె తిట్టలేదు.

"నా ఎద్దులు రెండూ పాయె. ఈ దూడ ఒకటి ఉండాది. నీకు సూది వేసేకి వస్తాదా?"

"రాదవ్వా."

"అట్లయితే ఈడికెందుకొచ్చినావు? పోయి ఆయప్పను తోడుకొని రా."

ఇంటికి పోలేదు. పోతే మళ్లీ ఆలోచిస్తానని తెలుసు. అటే పశువుల డాక్టరు ఆసుపత్రికి తోలాను. ఆయన కూర్చోమన్నాడు. నిలబడే మొత్తం చెప్పాను.

"ఇన్నాళ్లు ఏం చేస్తాంటివయ్యా?" అన్నాడు.

"భయపడి నోరు మూసుకున్నా సార్."

తెల్లకాగితం ఇచ్చాడు. నా చేతిరాతతో రాసి, కింద పేరూ నా ఉద్యోగమూ రాసి సంతకం పెట్టాను. ఆ కాగితం తిరిగి తిరిగి మా ఆఫీసుకూ వచ్చింది. నాకు శిక్ష పడింది. నేను భయపడినంత పెద్దది కాదు, ఉద్యోగం మిగిలింది. అంత చిన్నదానికి భయపడి ఒక మనిషిని గోదాములో పెట్టించానా అని సిగ్గుపడ్డాను. మా ఆవిడ, "మొదట్లోనే చెప్పింటే పోయేది గదా," అంది. తలుపు వెనక ఆ రోజు ఏమనుకుందో ఎప్పుడూ చెప్పలేదు.

కాగితాలు కదలడానికి ఎన్నో నెలలు పట్టింది. మరుసటి వానలకు ముందు కాంపౌండరు చేతికర్ర మీద మా గేటు దగ్గరికి వచ్చాడు. నమస్కారం లేదు, కుశలం లేదు.

"ఎవరు చెప్పమన్నారు నిన్ను?" అన్నాడు కోపంగా. "నీ పని పోయింటే?"

ముసలామె సంగతి చెప్పాను. వింటూ వింటూ గేటు పట్టుకుని నిలబడిపోయాడు. తర్వాత బండి దగ్గరికి వెళ్లి, ఎక్కి, కుడి మడమతో బ్రేకు మూడుసార్లు తొక్కి చూశాడు. ఐసు డబ్బా పెట్టెలో పెట్టాడు.

"ఎక్కు," అన్నాడు.

ఈసారి డ్యూటీ సంగతి ఆలోచించలేదు. వంక దిగేటప్పుడు ఆయన భుజాలు బిగుసుకోవడం వెనక కూర్చున్న నాకు తెలిసింది. బండి ఆగాల్సిన చోట ఆగింది. ఊళ్లోకి పోయాం. దూడ ఎదిగి పెయ్య అయింది. ముసలామె దాన్ని తోలుకొచ్చింది.

"ఇన్ని దినాలు యాడికి పోయినావప్పా?" అంది ఆయనతో.

"బండి చెడిపోయిండె అవ్వా," అన్నాడు ఆయన, సూదిలోకి మందు ఎక్కిస్తూ.

ఆమె నా వైపు తిరిగి, పెయ్య మెడ తాడు నా చేతిలో పెట్టింది.

"ఊరికే నిలబడుకుంటే ఎట్లా? గట్టిగా పట్టుకో."

పట్టుకున్నాను.